బటన్ నొక్కే పనికి ఇన్నేళ్ల చదువెందుకు?

ప్రశ్న: రేడియోగ్రఫీ కోర్సులో చేరి రెండు నెలలైంది మేడమ్. మెషిన్ల దగ్గర పని నేర్పిస్తారనుకుని వచ్చాను. తరగతిలో మాత్రం ఫిజిక్స్ మీద ఫిజిక్స్. ఎముకల పేర్లు తలకెక్కడం లేదు. వారానికి రెండు రోజులు ఎక్స్-రే రూముకి పంపిస్తారు, అక్కడ సీనియర్ల వెనక నిలబడి చూడటమే పని. మొన్న మా బాబాయి "బటన్ నొక్కే పనికి ఇన్నేళ్ల చదువెందుకమ్మా?" అని నవ్వాడు. నాకు జవాబు తోచలేదు. అమ్మకేమో రేడియేషన్ అంటే భయం. ఈ కోర్సులో నేను అసలు ఏం నేర్చుకుంటాను? ఇది నాకు సరిపడే పనేనా?
– ఒక విద్యార్థిని

సమాధానం:

అమ్మా,

బాబాయి నవ్వినందుకు నొచ్చుకోకు. బటన్ నొక్కడం నేర్చుకోవడానికి నిజంగానే ఒక పూట చాలు. నాకు మొదటి రోజు మధ్యాహ్నానికల్లా వచ్చేసింది. ఆ బటన్ మీద వేలు పడే ముందు ఓ రెండు నిమిషాలుంటాయి చూడు, నీ కోర్సంతా ఆ రెండు నిమిషాల కోసమే.

జారి, అరచెయ్యి నేలకు ఆనించి పడ్డ కుర్రాడొకడు మణికట్టు వాచి వచ్చాడనుకో. చీటీలో "ఎక్స్-రే, మణికట్టు" అని రెండే మాటలు. అతని చేత పేరు చెప్పించాలి. ఏ చెయ్యో చూపించమనాలి. ఎలా పడ్డాడో అడగాలి, పడిన తీరును బట్టే ఏ ఎముక మీద అనుమానం పెట్టుకోవాలో తెలుస్తుంది. బొటనవేలి మొదట్లో నొక్కితే నొప్పంటున్నాడా? అయితే మామూలు పొజిషన్లు చాలకపోవచ్చు. అక్కడి స్కాఫాయిడ్ ఎముక కోసం చేతిని చిటికెన వేలి వైపు వంచి విడిగా తీయాల్సి రావచ్చు. నొప్పిగా ఉన్న చేతిని ఎంతవరకు తిప్పించవచ్చు, ఎక్కడ ఆగాలి? కిరణాలు పడే చోటును ఎంతకు కుదించాలి? ఎన్ని కేవీ (ట్యూబుకిచ్చే కిలోవోల్టులు) పెట్టాలి? కుడి ఎడమ మార్కరును ఎక్కడ పెడితే ఎముకకు అడ్డం రాదు? ఇవన్నీ తేలాకే వేలు బటన్ మీదకు వెళుతుంది. కిరణాలు వచ్చేది సెకనులో ఏ పదోవంతో, ఇంకా తక్కువో. బొమ్మ చెడిందంటే ఆ కుర్రాడు మళ్లీ అదే నొప్పితో అదే చేతిని తిప్పాలి, మళ్లీ రేడియేషన్ తీసుకోవాలి. రిపీట్ అనే చిన్న మాట వెనక ఉన్నది ఇదే.

ఇక నిన్ను భయపెడుతున్న ఫిజిక్స్ సంగతి. సూత్రాలు బట్టీ పడితే అది నిజంగానే భారం. ట్యూబు లోపల ఏం జరుగుతోందో కళ్లకు కట్టించుకుంటే సగం దిగిపోతుంది. ఒక పక్క సన్నటి టంగ్‌స్టన్ తీగ, ఎదురుగా గిర్రున తిరిగే చక్రం. తీగ కాలితే దాని నుంచి ఎలక్ట్రాన్లు ఊడివస్తాయి. వేల వోల్టులతో వాటిని లాగి చక్రానికి కొట్టిస్తే ఎక్స్-కిరణాలు పుడతాయి. తమాషా ఏమిటంటే, పెట్టిన శక్తిలో దాదాపు 99 శాతం వేడిగా పోతుంది, కిరణాలుగా మారేది ఏ 1 శాతమో. దెబ్బంతా ఒకేచోట పడితే లోహం కరిగిపోతుంది కాబట్టే చక్రం తిరుగుతుంది. పొద్దున్నే వార్మప్ చేయకుండా పెద్ద ఎక్స్‌పోజర్ ఇస్తే సీనియర్లు కసురుకుంటారే, అదీ ఇందుకే. చల్లగా ఉన్న చక్రానికి ఒక్కసారిగా అంత వేడి తగిలితే బీటలిస్తుంది.

కేవీ పెంచితే కిరణాలకు దూసుకుపోయే బలం పెరుగుతుంది. ఎంఏఎస్ (ట్యూబులో కరెంటును, అది పారే టైమును గుణిస్తే వచ్చేది) పెంచితే కిరణాల సంఖ్య పెరుగుతుంది. చేతివేళ్లకు 50 కేవీ, ఆ చుట్టుపక్కల సరిపోతుంది. నిలబెట్టి తీసే ఛాతీకి గ్రిడ్ (చెదిరిన కిరణాల్ని ఆపే సన్నటి సీసపు పట్టీల పలక) పెట్టి 110, 120 దాకా వెళతాం. ఛాతీలో ఉన్నది చాలావరకు గాలే కదా, అంత బలం దేనికని నీకు అనుమానం రావాలి. ప్రక్కటెముకలు చిక్కటి తెలుపుతో ఊపిరితిత్తుల్ని కప్పేయకూడదు, గుండె వెనక దాగిన భాగం కూడా కొంత కనిపించాలి. కేవీ పెంచేది అందుకు. ఇంకో లెక్క చెబుతాను, రోజూ పనికొస్తుంది. కేవీని 15 శాతం పెంచితే బొమ్మ నలుపు విషయంలో ఎంఏఎస్‌ని రెట్టింపు చేసినంత పని జరుగుతుంది. కుదురుగా ఉండని పసివాడి ఎక్స్-రేకి టైం తగ్గించాలంటే ఈ లెక్కే దారి. కాంట్రాస్ట్, అంటే బొమ్మలో నలుపు తెలుపుల తేడా, కొంచెం తగ్గుతుంది, ఆ బేరం ఎప్పుడు గిట్టుబాటో నీకే తెలియాలి.

దూరం రెట్టింపైతే కిరణాల తీవ్రత నాలుగోవంతుకు పడిపోతుందన్న పాఠం పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. రాత్రి రెండింటికి వార్డులో పోర్టబుల్ మెషిన్ పక్కన నిలబడినప్పుడు అదే నీ ఒంటికి కాపలా. మీటరు దూరం నుంచి రెండు మీటర్లకు జరిగితే చాలు, నీ మీద పడేది నాలుగోవంతే. అక్కడ కిరణాలు చెదిరి వచ్చేది ప్రధానంగా పేషెంటు శరీరం నుంచి. ఈ సంగతి అర్థమైతే ఆపరేషన్ థియేటర్లో సీ-ఆర్మ్ (సీ అక్షరంలా వంగిన ఎక్స్-రే మెషిన్) ట్యూబును బల్ల కిందికి ఎందుకు పెడతారో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. కిరణాలు శరీరంలోకి దూరే వైపే ఎక్కువగా చెదురుతాయి. ట్యూబు కింద ఉంటే ఆ చెదిరినవి చాలావరకు నేల వైపు, కాళ్ల వైపు పోతాయి, డాక్టరు ముఖానికి తగలవు.

ఎముకల పేర్లు తలకెక్కడం లేదన్నావు. పుస్తకం మూసి నీ ఒళ్లు తడుముకో. మెడ వంచితే వెనక పొడుచుకొచ్చే గుబ్బ ఏడో మెడ పూస. రెక్క ఎముక కింది కొస ఏడో వీపు పూస దగ్గర ఉంటుంది. నడుం మీద చేతులు పెట్టుకున్నప్పుడు వేళ్లకు తగిలే గట్టు నాలుగో నడుం పూసకు సూటిగా ఉంటుంది. పేషెంటు బల్ల మీద పడుకున్నప్పుడు లోపల ఏ పూస ఎక్కడుందో నీకు కనపడదు, ఈ గుర్తుల మీదే కిరణాన్ని గురిపెట్టాలి. లావుగా ఉన్నవాళ్లలో గట్టు చేతికి దొరకదు, అప్పుడు ఇంకే ఆధారం పట్టుకోవాలో కూడా నేర్పిస్తారు. మణికట్టులోని ఎనిమిది ఎముకల్ని మాత్రం బట్టీ పట్టక తప్పదు. ఏడుస్తూనైనా పట్టు.

పొజిషనింగ్ క్లాసులో వందకు పైగా భంగిమలు ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక్క ఛాతీ ఎక్స్-రేని పట్టుకుని ప్రతి అడుగుకూ "ఎందుకు" అని అడిగి చూడు, మిగతావాటి తాళం దొరుకుతుంది. ఛాతీని బోర్డుకు ఆనించి కిరణాన్ని వీపు వైపు నుంచి ఎందుకు పంపుతాం? గుండె ఛాతీకి ముందువైపుగా ఉంటుంది. అది బోర్డుకు దగ్గరైతే నీడ పెద్దదై కనపడదు. ట్యూబును 180 సెంటీమీటర్ల దూరంలో పెట్టేదీ అందుకే. దగ్గరి దీపం పెద్ద నీడ వేస్తుంది, దూరపు దీపం ఉన్నంత నీడ వేస్తుంది. భుజాలు ముందుకు తిప్పమంటాం, రెక్క ఎముకలు ఊపిరితిత్తుల మీద నుంచి పక్కకు తప్పుకోవాలని. నిలబెట్టే తీయాలంటాం, పేగుకు చిల్లు పడితే బయటికొచ్చిన గాలి పైకి తేలి డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండర పొర) కింద నల్లటి నెలవంకలా కనిపిస్తుంది కాబట్టి. పడుకోబెడితే అది దొరక్కపోవచ్చు. బొమ్మ వచ్చాక వెనక ప్రక్కటెముకలు లెక్కపెడతాం. తొమ్మిదో పదో కనపడితే గాలి బాగా పీల్చినట్టు. కాలర్ ఎముకల లోపలి కొసలు రెండూ వెన్నుపూస ముల్లుకు సమాన దూరంలో ఉంటే మనిషి పక్కకు తిరగలేదని లెక్క. గాలి సరిగా పీల్చకుండా తీసిన బొమ్మలో లేని జబ్బు ఉన్నట్టు కనిపించి, ఒక మనిషి నాలుగు రోజులు నిద్ర లేకుండా గడపొచ్చు.

గాలి పీల్చడమంటే గుర్తొచ్చింది. "ఊపిరి పీల్చి పట్టుకోండి" అని చెప్పడం అందరూ నేర్చుకుంటారు. "ఇక వదిలేయండి" అనడం మరిచిపోతారు. బొమ్మ బాగా వచ్చిందా అని నేను స్క్రీన్ చూసుకుంటుంటే లోపల ఒకాయన ఎర్రబడిన ముఖంతో అలాగే నిలబడి ఉన్న రోజు నాకుంది. నవ్వులాటగా చెబుతున్నాను గానీ, నీ చదువులో పెద్ద భాగం మాటే. నొప్పితో, సిగ్గుతో, భయంతో ఉన్న మనిషికి నీ దగ్గరున్నది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో అతను నిన్ను నమ్మి కదలకుండా ఉండాలి.

మాట ఎలా అడగాలో నాకు ఒక తప్పు నేర్పింది. ట్రైనింగ్‌లో ఉండగా ఓ పెద్దాయన మోకాలి ఎక్స్-రేకి వచ్చారు. చీటీలో కుడి అని ఉంది. "కుడి మోకాలేనా తాతగారూ?" అన్నాను. ఆయన తల ఊపారు. తీశాను. నొప్పి ఎడమ మోకాలిది. చీటీ రాసిన చోటే తప్పు దొర్లింది, ఆయనకేమో చెవులు సరిగా వినపడవు, ఏదో అడిగింది కదా అని మర్యాదకు తల ఊపారు. ఆయన్ని మళ్లీ బల్ల ఎక్కించాల్సి వచ్చినప్పుడు మా సీనియర్ నన్ను తిట్టలేదు, అదే ఇంకా బాధనిపించింది. ఆనాటి నుంచి అవును కాదు అని జవాబొచ్చే ప్రశ్న నేను వేయను. "మీ పేరు చెప్పండి." "ఎక్కడ నొప్పో చేత్తో చూపించండి." పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లనైతే నెలసరి చివరిసారి ఎప్పుడు వచ్చిందని, పక్కన చుట్టాలెవరూ లేకుండా, విడిగా అడగాలి. కోర్సులో దీన్ని ఒక పేజీలో ముగిస్తారు. నన్నడిగితే ఒక సెమిస్టర్ పెట్టాలి.

మేం నేర్చుకున్నప్పుడు డార్క్‌రూమ్ ఉండేది. ఎర్ర దీపం, డెవలపర్ వాసన, ఫిక్సర్ మరకలు పడ్డ చున్నీ. అదేమీ తిరిగి రావాలని నేను కోరుకోను. ఫిల్మ్‌కి మాత్రం ఒక గుణం ఉండేది, ఎక్స్‌పోజర్ ఎక్కువైతే నల్లగా మాడిపోయి మన తప్పును ముఖాన కొట్టేది. ఇప్పుడు డిజిటల్ వచ్చాక కిరణాలు ఎక్కువ పడినా కంప్యూటర్ సర్దేసి చక్కటి బొమ్మే చూపిస్తుంది. తక్కువైతేనే ఇసక చల్లినట్టు గరుకుగా కనిపించి బొమ్మ చదివే డాక్టరు, అంటే రేడియాలజిస్టు, ఫోన్ చేస్తారు. దాంతో ఎందుకొచ్చిన గొడవని అందరి చేతులూ కొంచెం కొంచెంగా ఎక్కువ వైపే జారతాయి. బొమ్మ పక్కన ఎక్స్‌పోజర్ ఇండెక్స్ అని, కిరణాలు ఎంత పడ్డాయో చెప్పే ఒక అంకె ఉంటుంది. బొమ్మ ఎంత అందంగా ఉన్నా ఆ అంకె చూడకుండా తర్వాతి పేషెంటును పిలవొద్దు.

అమ్మ భయానికి వద్దాం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. జర్మన్ శాస్త్రవేత్త రాంట్‌జెన్ 1895 నవంబర్ 8న ఈ కిరణాల్ని కనుక్కున్నాడు, డిసెంబర్ 22న భార్య చేతికి తీసిన బొమ్మలో ఎముకలూ ఉంగరమూ కనిపించాయి. ఆ తర్వాత కొన్నేళ్లు జనం వాటిని ఆటబొమ్మల్లా వాడారు. ట్యూబు పనిచేస్తోందో లేదో తమ చేతులే అడ్డం పెట్టి చూసుకునేవారు. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ అలాగే చేతులు పోగొట్టుకుని 1904లో చనిపోయాడు. ఎడిసన్ ఆ పనే మానేశాడు. ఈనాటి జాగ్రత్తలన్నీ ఆ తొలితరం ఒంటి మీద రాసిన పాఠాలే.

ఇప్పటి లెక్కలు అమ్మకు చెప్పు. గాలి నుంచి, నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి ప్రపంచంలో సగటున ఒక మనిషికి ఏడాదికి దాదాపు 2.4 మిల్లీసీవర్టులు (ఒంటికి అందే రేడియేషన్ కొలత) ఎలాగూ అందుతాయి. ఒక ఛాతీ ఎక్స్-రేలో వచ్చేది 0.1 లేదా అంతకన్నా తక్కువ. పొట్ట సీటీ స్కాన్ అయితే 10కి అటూఇటూ. రేడియేషన్ పనిలో ఉన్నవాళ్లకు రేడియేషన్ రక్షణ చూసే అంతర్జాతీయ సంస్థ ఐసీఆర్‌పీ సూచించిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 50 దాటకూడదు. పద్ధతిగా పనిచేసే ఎక్స్-రే రూములో ఉద్యోగి పెట్టుకునే, రేడియేషన్ కొలిచే బ్యాడ్జిలో తేలేది దానికి బాగా దిగువనే ఉంటుంది. బటన్ వదిలాక గదిలో ఏమీ మిగిలి ఉండదని కూడా చెప్పు, చాలామందికి ఆ అనుమానం ఉంటుంది. బ్యాడ్జి రోజూ పెట్టుకో. లెడ్ ఆప్రాన్‌ని మడవకు, తగిలించు. మడతల్లో సీసం చిట్లితే పైకి కనపడదు. ముందు ముందు గర్భం వస్తే ఆలస్యం చేయకుండా పై అధికారికి చెప్పాలి, అప్పటి నుంచి కడుపులో బిడ్డకు వేరే లెక్క ఉంటుంది, మిగతా నెలలన్నిటికీ కలిపి సుమారు 1 మిల్లీసీవర్టు.

ఇక్కడే ఒక సంగతి. పేషెంటు బీజాశయాలకు సీసపు ముక్క అడ్డం పెట్టాలని మేం చదువుకున్నాం, నేనే ఎంతోమందికి పాఠం చెప్పాను. 2019లో అమెరికాలోని మెడికల్ ఫిజిక్స్ నిపుణుల సంఘం ఆ అలవాటు మానమంది. లాభం నామమాత్రం, ముక్క పక్కకు జరిగితే చూడాల్సిన ఎముకనే కప్పేస్తుంది, ఆటోమేటిక్ ఎక్స్‌పోజర్ దాన్ని చూసి మోసపోయి కిరణాలు పెంచేస్తుంది కూడా. తర్వాత మరికొన్ని దేశాల వాళ్లూ అదే మాటన్నారు. నీ పుస్తకంలో ఇంకా పాతదే ఉండొచ్చు. నువ్వు పనిచేసే చోట ఏ పద్ధతి నడుస్తోందో అడిగి తెలుసుకో.

రెండో ఏడాది నుంచి సీటీ, ఎంఆర్ఐ మొదలవుతాయి. సీటీలో నీళ్లకు 0, గాలికి మైనస్ 1000 అని సీటీ కనిపెట్టిన హౌన్స్‌ఫీల్డ్ పేరు మీద ఒక కొలత ఉంటుంది. ఒకే స్కాన్‌ని ఊపిరితిత్తులకు ఒకలా, ఎముకకు ఒకలా విండో (నలుపు నుంచి తెలుపు దాకా చూపే అంకెల పరిధి) మార్చి చూడటం భలే సరదాగా ఉంటుంది. బొమ్మలో రక్తనాళాలు స్పష్టంగా కనపడేందుకు ఇచ్చే అయోడిన్ మందు (దీన్నీ కాంట్రాస్ట్ అనే అంటారు) ఎక్కించేముందు కిడ్నీల పరీక్ష, అలర్జీ సంగతి చూసుకోవడం మాత్రం సరదా కాదు. సూది పక్కకు జరిగి మందు కండలోకి పోతే ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి.

ఎంఆర్ఐలో రేడియేషన్ లేదు కదా అని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టిన గది అదే. అయస్కాంతం రాత్రీ పగలూ, స్కాన్ ఉన్నా లేకపోయినా పనిచేస్తూనే ఉంటుంది. 1.5 టెస్లా (టెస్లా అయస్కాంత బలానికి కొలత) అంటే భూమి అయస్కాంత బలానికి సుమారు 30 వేల రెట్లు. ఇనుప ఆక్సిజన్ సిలిండర్ తలుపు దాటిందంటే మనిషి చేతిలో ఆగదు. అందుకే అక్కడ నువ్వు నేర్చుకునే మొదటి పని ప్రశ్నలు అడగడం. పేస్‌మేకర్ ఉందా, మెదడులో క్లిప్పులున్నాయా, ఎప్పుడైనా ఇనుము రాపిడి పని చేశారా, కంట్లో రజను పడిందా? తలుపు దగ్గర నిలబడి, డాక్టరునైనా సరే జేబులు ఖాళీ చేయించాల్సింది నువ్వే. మొహమాటం ఉన్నవాళ్లు ఆ తలుపు దగ్గర పనికిరారు.

ఇంకొకటి. బొమ్మ స్క్రీన్ మీదకు రాగానే పేషెంటు అడుగుతారు, "ఏమైనా ఉందామ్మా?" అని. రోజుకు పది మంది అడుగుతారు. రిపోర్టు ఇచ్చేది రేడియాలజిస్టు. కొన్ని దేశాల్లో పైచదువు చదివిన రేడియోగ్రాఫర్లూ ఇస్తారు, నువ్వింకా అక్కడికి చేరలేదు. "డాక్టరుగారు చూసి చెబుతారు" అనాలి, అదీ నీ ముఖం ఏమీ బయటపెట్టకుండా. ఊపిరితిత్తి కుప్పకూలి గుండె పక్కకు నెట్టుకుపోయినట్టు కనపడితే మాత్రం రిపోర్టు వరుస కోసం కూర్చోకు. ఆ క్షణమే డాక్టరుకు చెప్పు. ఏది ఆగగలదో ఏది ఆగలేదో గుర్తుపట్టేంత జబ్బుల పరిచయం కోర్సులో ఇస్తారు, ఆ క్లాసుల్లో నిద్రపోకు.

సీనియర్ల వెనక నిలబడటం గురించి. ఊరికే నిలబడితే వృథానే. పేషెంటు గదిలోకి నడిచి రాగానే నీ మనసులో ఒక కేవీ, ఒక ఎంఏఎస్ అనుకో, తర్వాత సీనియర్ ఏం పెట్టారో చూడు. తేడా వస్తే ఎందుకని అడుగు, రద్దీ తగ్గాక అడుగు. రిపీట్ అయిన ప్రతి బొమ్మనూ చిన్న నోటుబుక్‌లో రాసుకో, పేషెంటు పేరు లేకుండా, కారణం మాత్రమే. కదిలాడు, సెంటరింగ్ తప్పింది, గొలుసు తీయించలేదు, ఇలా. నెల తిరిగేసరికి నీ దగ్గర ఏ పుస్తకంలోనూ లేని పాఠం ఉంటుంది. చూస్తున్నంతసేపూ కన్సోల్ వైపే చూడకు, బల్ల మీద ఉన్న మనిషి ముఖం కూడా చూడు.

ఇది నీకు సరిపడే పనేనా అన్నావు. రెండు నెలలకు నేను చెప్పలేను, నువ్వూ చెప్పుకోలేవు. నిలబడి చేసే పని, నడుం పట్టేస్తుంది. బరువైన మనుషుల్ని సాయం పిలవకుండా ఒక్కదానివే జరపబోతే ముప్పై ఏళ్లకే వెన్నునొప్పి తెచ్చుకుంటావు. నైట్ డ్యూటీలుంటాయి. రక్తం, వాంతులు, ఏడ్చే పిల్లలు, తాగి కేకలేసేవాళ్లు ఉంటారు. చేసిన తప్పు ఒప్పుకోలేనివాళ్లు ఈ పనిలోకి రాకపోతేనే పేషెంట్లకు మంచిది. ఇవేవీ నిన్ను వెనక్కి లాగకపోతే మొదటి ఏడాది పూర్తయ్యేదాకా ఆగు. అప్పటికీ ఎక్స్-రే రూముకి వెళ్లే రోజు కాళ్లీడుస్తూ వెళుతున్నావంటే నాకు మళ్లీ రాయి, వేరే దారి గురించి మాట్లాడుకుందాం.

ఈలోగా మీ బాబాయి మళ్లీ వస్తే ఆయన చెయ్యి పట్టుకో. బొటనవేలిని పైకి చాపమను. మణికట్టు పక్కన రెండు స్నాయువుల (కండరాన్ని ఎముకకు కట్టే తాళ్ల) మధ్య చిన్న గుంట పడుతుంది. దాని అడుగునే ఉంటుంది స్కాఫాయిడ్. అది విరిగినా మొదటి రోజు ఎక్స్-రేలో ఒక్కోసారి కనపడదనీ, పది పధ్నాలుగు రోజుల తర్వాత మళ్లీ తీస్తే బయటపడొచ్చనీ, పట్టించుకోకపోతే రక్తం అందక ఆ ఎముక ముక్క చచ్చుబడొచ్చనీ చెప్పు. ఆయన తన చేతిని ఇంకోసారి చూసుకుంటాడు.